కిటికీలో పట్టని మాట

3206వ రోజు

పలకల్లో నడిచే ప్లగిన్లు రాసే మాలాంటి పలక పనివాళ్లు ఏ రోజు పని ఆ రోజు చిట్టాలో రాయాలన్నది అడుగుపేట నియమం. ఎవరూ చదవరు, అయినా రాయాలి. ఈరోజు మాత్రం నియమం కోసం కాదు, రాయాలనిపించే రాస్తున్నాను.

పాపప్ ప్లగిన్ కొత్త కూర్పు ఉదయం అందరి పలకల్లోకీ వెళ్లింది. తలుపు తెరవాలన్నా, దీపం ఆర్పాలన్నా, గదిలోకి మంచి గాలి వదలాలన్నా ఇక్కడ ప్రతి మనిషీ తన పలక తెర మీద ఆజ్ఞ రాసుకోవాల్సిందే. రాసేటప్పుడు ఏదైనా హెచ్చరిక ఉంటే కర్సర్ పక్కనే చిన్న పెట్టెలా తెరుచుకునేది ఈ పాపప్. నెత్తి మీద రెండు వందల మీటర్ల సముద్రమున్న ఊళ్లో నిజం కిటికీ ఎవరింటికీ లేదు. అందుకేనేమో, జనం దీన్ని కిటికీ అనే పిలుస్తారు.

పాత కిటికీతో పెద్ద చికాకు ఉండేది. సందేశం పొడుగైతే అది రెండు మూడు వరసలకు పెరిగి, మనిషి రాస్తున్న వరసనే కప్పేసేది. దాన్ని పక్కకు జరిపి చూశాను, పైకి ఎత్తి చూశాను, కుదరలేదు. చివరికి వరస మడిచే ఏర్పాటే తీసేశాను. ఇప్పుడు ఒకే వరస, ఇరవై నాలుగు అక్షరాల వెడల్పు. ఎంటర్ కొడితే మూసుకుని పని ముందుకు సాగుతుంది. మధ్యాహ్నం భోజనాల హాల్లో నలుగురు పిలిచి మరీ బాగుందన్నారు. ఒకాయన దానికి నా పేరే తగిలించి 'హైమ కిటికీ' అన్నాడు. నేను సిగ్గుపడుతున్నట్టు తల దించుకున్నాను గానీ లోపల చాలా సంతోషించాను.

3209వ రోజు

పైడమ్మ పిన్ని నా గదికి వచ్చింది. ఈ రోజుల లెక్క మొదలైన తొలి విడతలో ఇక్కడికి దిగినవాళ్లలో ఆమె ఒకరు. యాభై దాటాక ఆజ్ఞలు రాయడం నేర్చుకుని, ఇప్పుడు పంట గదులన్నిటి గాలి పని చూస్తోంది. సాయంత్రాలు ఆడవాళ్లకు రాత తరగతి కూడా నడుపుతుంది. చూపు కొంచెం ఆనదు కాబట్టి తన పలకలో అక్షరాలు పెద్దవిగా పెట్టుకుంటుంది.

"మిరప గది కిటికీలో ఆకరి అచ్చరం తెగిపోతంది పాపా. 'పూర్తి కాలే' అని ఆగిపోతంది. 'దు' కనబడ్డం నేదు," అంది.

కారణం నాకు వెంటనే తెలిసింది. అక్షరాలు పెద్దవైతే అదే పెట్టెలో పద్దెనిమిదే పడతాయి. మిగతావి బయట ఉండిపోతాయి. ఆ మాటే చెప్పి, "'దు' లేకపోయినా అర్థమవుతోంది కదా పిన్నీ," అని నవ్వాను.

ఆమె కూడా నవ్వింది. అర్థమవుతుంది గానీ తోక తెగిన బల్లిలా ఉందంది. చూస్తానని చెప్పి పంపాను. చేయాల్సిన పనుల్లో ఆరోదిగా రాసుకున్నాను: కిటికీ చివర అక్షరం తెగడం, పెద్ద అక్షరాలవాళ్లకు మాత్రమే.

ఆమె వెళ్లాక సాయంత్రం వరకు కిటికీ మూలలు గుండ్రంగా వచ్చేలా దిద్దుతూ కూర్చున్నాను. చాలా అందంగా కుదిరాయి.

3218వ రోజు

జరిగింది జరిగినట్టు రాయాలి.

పంట గదుల్లో పురుగు పడితే లోపలి గాలి తీసేసి బొగ్గుపులుసు వాయువు నింపుతారు. రెండు రోజులు అలా ఉంచి, మళ్లీ మంచి గాలి నింపాక తలుపు తెరుస్తారు. తెరిచే ఆజ్ఞ పైడమ్మ పిన్ని రాయాలి. లోపల గాలి ఇంకా బాగుపడకపోతే ఆమె పలకలో కిటికీ తెరుచుకుని ఆ మాట చెబుతుంది. కొలిచే పరికరాలు అప్పుడప్పుడు తప్పు చెబుతాయి గనుక ఆఖరి నిర్ణయం మనిషికే వదిలారు. ఎంటర్ కొడితే తలుపు తెరుచుకుంటుంది.

పోయిన నెల మొదలుపెట్టిన పుట్టగొడుగుల గదికి వాయువు పట్టడం ఇదే మొదటిసారి. ఈ ఉదయం పదింటికి పిన్ని ఆజ్ఞ రాసింది. కిటికీ తెరుచుకుంది. ఆమె చదివి, ఎంటర్ కొట్టింది. తలుపు బయట పళ్లేలతో నిలబడ్డ ఆమె తమ్ముడు దాలినాయుడు లోపలికి నడిచాడు. పది అడుగులు వేశాడో లేదో కూలిపోయాడు. పక్క గదివాళ్లు ఇద్దరు ఊపిరి బిగబట్టుకుని వెళ్లి కాళ్లు పట్టి బయటికి లాగారు.

ప్రమాద గంట మోగినప్పుడు నేను నా బల్ల దగ్గర ఉన్నాను. ఏ గది, ఎవరి పలక అన్నది వినగానే లేచి పరుగెత్తలేదు. నా పలకలో అక్షరాలు పిన్ని పెట్టుకున్నంత పెద్దవి చేశాను. ఆ సందేశమే తెప్పించి చూశాను.

సందేశం: పుట్టగొడుగుల గది గాలి మార్పు పూర్తి కాలేదు.

కిటికీలో కనబడింది: పుట్టగొడుగుల గది గాలి మార్పు పూర్తి

మిరప అన్న చోట పుట్టగొడుగుల అన్న పొడుగు పేరు వచ్చేసరికి 'కాలేదు' మొత్తంగా బయటికి పోయింది. మన భాషలో అవునో కాదో చివరి మాటే తేలుస్తుంది. ఆ చివర తెగితే ఏమవుతుందో పుట్టినప్పటి నుంచీ ఈ భాషే మాట్లాడుతున్న నాకు తట్టలేదు.

తర్వాత నేను చేసిన పని ఇది. వరస మడిచే ఏర్పాటు మళ్లీ పెట్టాను. సందేశం ఎంతుంటే కిటికీ అంత పెరిగేలా మార్చాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. అందరి పలకల్లోకీ పంపేశాను. మార్పుల పట్టీలో 'చిన్న సవరణలు' అని రాశాను. అప్పుడు లేచి ఆస్పత్రికి వెళ్లాను.

3219వ రోజు

దాలినాయుడు బతికాడు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని, ఇక మెట్లెక్కే పని చేయలేడని డాక్టరు చెప్పింది.

ఆస్పత్రి వరండాలో పిన్ని గోడవార నిలబడి ఉంది. దాలినాయుడి భార్య ఆమెను లోపలికి రానివ్వలేదట. నన్ను చూసి పిన్నే నా దగ్గరికి వచ్చింది. "నాను పూర్తి అనే సదివినాను పాపా. ఆ మాటే ఉంది," అంది. ఎవరూ నమ్మడం లేదని నాకు చెప్పుకుంటోంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి పట్టుకోవడం ఓదార్పులా కనబడుతుందని నాకు తెలుసు.

3221వ రోజు

పేట హాల్లో విచారణ జరిగింది. ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. ప్రశ్నలన్నీ కూర్మారావు గారే అడిగారు. ఆయన పైన ఉన్న రోజుల్లో లెక్కల మాస్టారు. ఎవరినీ కసరరు, ప్రతి మాటా నిదానంగా కూడదీసుకుని అడుగుతారు.

కిటికీ తయారుచేసినదాన్ని కాబట్టి నన్ను కూడా పిలిచారు.

"కిటికీ సందేశాన్ని మొత్తం చూపిస్తుందామ్మా?"

"చూపిస్తుందండీ."

ఆయన అడిగింది చూపిస్తుందా అని. చూపించిందా అని కాదు. కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆ తేడాను గట్టిగా పట్టుకుని ఉన్నాను. అబద్ధం చెప్పలేదని నాకు నేనే చెప్పుకున్నాను.

తర్వాత పిన్ని పలకే తెప్పించి అందరి ముందూ పెట్టారు. అదే సందేశం రెండు వరసల్లో నిండుగా కనబడింది. రెండో వరసలో 'కాలేదు' ఒక్కటే, విడిగా, అంత పెద్ద అక్షరాలతో. గుడ్డివాడికి కూడా కనబడేలా ఉందని వెనక ఎవరో గొణిగారు.

పిన్ని దాన్ని చాలాసేపు చూసింది. మధ్యలో ఒకసారి తలెత్తి నా వైపు చూసింది. అనుమానంతో కాదు. దిక్కు తోచక, తెలిసిన ముఖం కోసం చూసింది.

"అలాగుంటే నానే తప్పు సదివుంటాను," అంది చివరికి.

పలక మీద ఆజ్ఞలు రాసే ఆమె రాత హక్కు తీసేశారు. ఎవరూ కోపంగా మాట్లాడలేదు. ఆమె వయసు గురించి, చేసిన సేవ గురించి మంచిగానే చెప్పారు. ఇంటి తలుపుకు చేతి గడియ ఉంటుంది గనుక ఇబ్బంది లేదు. కానీ వరండాల మధ్య తలుపులు, దీపాలు, స్నానానికి వేడి నీళ్లు అన్నీ ఇక ఎవరో ఒకరు రాసి పెట్టాలి.

3224వ రోజు

పని మామూలే. తాళాల ప్లగిన్‌లో రెండు తప్పులు దిద్దాను. అన్నం తిన్నాను.

3227వ రోజు

పిన్ని వచ్చింది. నెలకు సరిపడా దీపాల ఆజ్ఞ రాసిపెట్టమని అడగడానికి వచ్చింది. ఇరుగుపొరుగును రోజూ అడగాలంటే మొహమాటంగా ఉందట. నేనైతే ఏమీ అనుకోనని వచ్చిందట.

రాస్తుంటే పక్కన కూర్చుని మాట్లాడింది. కళ్లు చూపించుకుందట. కళ్ల డాక్టరు పోయినేడాది ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయన్నాడట. కళ్లు బాగుంటే మరి తేడా ఎక్కడుందని ఆమె భయం. ఇప్పుడు ఉప్పు డబ్బా మీది పేరు కూడా మూడుసార్లు చదువుతోందట. తరగతి మానేసిందట. తప్పు చదివే మనిషి ఇంకొకరికి చదువేం చెబుతుందని.

"మా అమ్మకీ ఇలాగే మొదలైంది పాపా. ఉన్నది నేదనీ, నేదన్నది ఉందనీ అనీది. ఆకర్న నన్నే ఎవురివే నువ్వు అంది," అంది మెల్లగా.

నేను దీపాల ఆజ్ఞ రాస్తూనే ఉన్నాను. పూర్తయ్యాక ఆమె ఇంటి దీపాలకు పంపాను. చల్లగా ఉండమని దీవించి వెళ్లింది.

దాలినాయుడి ఊపిరి దెబ్బతినడం నా నిర్లక్ష్యం వల్ల జరిగింది. దానికైనా మనుషులు పొరపాటనో మరొకటనో ఒక పేరు పెడతారు. కానీ ఒక మనిషి తన బుద్ధి మీద తనకే నమ్మకం పోగొట్టుకుంటుంటే పక్కన కూర్చుని దీపాలకు ఆజ్ఞ రాశాను చూడు, దానికి పేరేమిటో నాకు తెలియడం లేదు.

3228వ రోజు

పని చేయలేదు.

3230వ రోజు

ఉదయం పిన్ని ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబడి చెబితే తొందరగా వచ్చేయొచ్చని ముందు అనుకున్నాను. ఆమె పీట వేసింది. కూర్చోక తప్పలేదు.

మొదటి నుంచీ చెప్పాను. ఇరవై నాలుగు అక్షరాలు, ఆమె వచ్చి చెప్పిన 'దు', నేను నవ్వడం, పదినిమిషాల సవరణ, పట్టీలో రాసిన రెండు మాటలు, హాల్లో చూపిస్తుందండీ అన్నది. చెబుతుంటే మధ్యలో ఒక్కసారి కూడా ఆమె అడ్డు రాలేదు.

"అయితే నా మతి బాగున్నట్టే," అంది.

ముఖమంతా తేటపడింది. అది చూసి నాకు కూడా ఏదో తేలికైనట్టు అనిపించింది. అలా అనిపించినందుకు ఇప్పుడు రాస్తుంటే కూడా ముఖం మండుతోంది. ఆ తేట ఎంతోసేపు నిలవలేదు.

"నా పలక ఆళ్లందరి ముందూ ఎట్టినప్పుడు నువ్వు నా ఎదుటే కూకున్నావు," అంది.

"అవును పిన్నీ."

"నా మొకం సూసినావు."

"చూశాను."

"సూసి ఊరుకున్నావు."

ఆమె లేచి వెళ్లి కుండలో నీళ్లు ముంచుకుని తాగింది. నాకివ్వలేదు. తిరిగి వచ్చాక, ఇక తనను పిన్నీ అని పిలవొద్దంది. కోపంతో అరిచి అన్నది కాదు. ఒక వస్తువు తీసి లోపల పెట్టుకున్నట్టు అంది.

"నాకాడ సెప్పీసి ఎల్లిపోతే సాల్దు. అదే హాల్లో, అదే కుర్సీలో కూకుని సెప్పు. నానొచ్చి తలుపుకాడ నిలబడతాను."

3231వ రోజు

హాల్లో అందరి ముందూ కూర్చునే ముందు కూర్మారావు గారిని పక్కకు పిలిచి చెప్పాను. పైడమ్మ హక్కు ఈరోజే తిరిగి ఇచ్చేస్తామన్నారు. పరికరం తప్పు చెప్పిందని ప్రకటించవచ్చన్నారు. పేటలో ఎనిమిది వందల మంది ప్రాణాలు ఆ కిటికీ మాట మీద నడుస్తున్నాయి, అదే అబద్ధం చెప్పగలదని తెలిస్తే రేపు ఎవరూ దాన్ని నమ్మరు, ఆలోచించుకోమ్మా అన్నారు. ఆయన నన్ను కాపాడడానికి అనలేదు. నిజంగానే పేట గురించే భయపడ్డారు. కానీ ఆ మాట వినగానే నా కాళ్లు కుర్చీ వైపు కాక గుమ్మం వైపు తిరిగాయి. అది కూడా రాస్తున్నాను.

గుమ్మంలో పైడమ్మ నిలబడి ఉంది.

"కొన్నాళ్లు నమ్మకపోవడమే మంచిదండీ," అన్నాను ఆయనతో. వెళ్లి కూర్చున్నాను.

నా మాటల్లో చెబితే ఎక్కడో ఒకచోట మెత్తబరుస్తానని తెలుసు. అందుకే ఈ చిట్టానే చదివాను. 3206 నుంచి మొదలుపెట్టి, మూలలు చాలా అందంగా కుదిరాయన్న దానితో సహా. అక్కడ ఎవరో తెలియక నవ్వారు, వెంటనే ఆపేశారు. లేచి ఆస్పత్రికి వెళ్లానన్న చోట తడబడ్డాను. మళ్లీ మొదటి అక్షరం నుంచి ఆ వాక్యం చదివాను.

పైడమ్మకు రాత హక్కు తిరిగి ఇచ్చారు. నాకు రెండేళ్లపాటు తీసేశారు. కిటికీ పని ఇక ముగ్గురు చూస్తారు. అందులో ఒకరు పెద్ద అక్షరాలు పెట్టుకునే మనిషై ఉండాలని కూర్మారావు గారు అప్పటికప్పుడు రాయించారు. హాల్లోంచి బయటికి వస్తుంటే జనం రెండు పక్కలకీ జరిగి దారి ఇచ్చారు. ఎవరూ తిట్టలేదు. ఎవరైనా తిడతారని ఎదురుచూశానని అప్పుడు తెలిసింది.

3233వ రోజు

ఇది కాగితం మీద రాస్తున్నాను. పలక నా చేతికి ఇవ్వరు.

దాలినాయుడిని చూడ్డానికి వెళ్లాను. మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. నాలుగు మాటలకోసారి ఊపిరి తీసుకుంటున్నాడు. హాల్లో జరిగింది అప్పటికే విన్నాడు. క్షమించమని అడిగాను.

"నా ఊపిరి సంగతి ఒగ్గీ," అన్నాడు. "ఇన్ని రోజులూ మా అప్పని తిట్టినాను. ముసిల్దానికి కళ్లు నేవు, మతి నేదు, నన్ను సంపడానికే పుట్టిందన్నాను. తలుపు బయట నిలబడి ఇంటందని తెలిసే, ఇనాలనే అన్నాను."

ఆగి, ఊపిరి తీసుకున్నాడు.

"ఆ మాటలెలా ఎనక్కి తియ్యాలో సెప్పు. నీ పలకలో దానికేటన్నా సవరణుందా?"

ఆయన భార్య వచ్చి మందు వేళైందని చెప్పింది. నన్ను వెళ్లమనడానికి అది మర్యాద. వచ్చేశాను.

3246వ రోజు

ఇప్పుడు వంటశాలలో గిన్నెలు కడిగే పని ఇచ్చారు. పనిలో ఏ బాధా లేదు. వెళ్లడం, రావడమే బాధ. మా వరండాకీ వంటశాలకీ మధ్య మూడు తలుపులున్నాయి. ఒక్కో తలుపు దగ్గర ఎవరో ఒకరు వచ్చేదాకా నిలబడాలి. వచ్చినవాళ్లను అడగాలి. చాలామంది అడగకుండానే తెరుస్తారు. కొందరు పలక తీసి, నా వైపు చూసి, లోపల పెట్టేసుకుని ఇంకో దారిన పోతారు. వాళ్లను తప్పు పట్టను.

పైడమ్మ గాలి పనికి తిరిగి వెళ్లింది. తరగతి మాత్రం మళ్లీ మొదలుపెట్టలేదట. అక్కడ చదివే ఒకామె గిన్నెల దగ్గర నాతో చెప్పింది. అడిగితే ఇంకా ధైర్యం చాలడం లేదందట. తప్పు నాదని పేటంతా తెలిశాక కూడా ఆ భయం ఆమెను వదల్లేదు. దాన్ని నేను ఏ హాల్లో చదివి తీసేయగలను?

తమ్ముడిని చూడ్డానికి వెళుతోందో లేదో నాకు తెలియదు. ఎవరినీ అడిగే హక్కు లేదు.

ఈ మధ్యాహ్నం రెండో తలుపు దగ్గర అరగంట నిలబడ్డాను. జనం తిరిగే వేళ కాదు. వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాను. పైడమ్మ. చంకలో పలక ఉంది. ఆమె వెళ్లాల్సింది ఎడమ వైపు, పంట గదులకు. ఈ తలుపుతో ఆమెకు పని లేదు. నేను గోడకు ఒదిగి దారి ఇచ్చాను.

ఆమె ఆగింది. ఏమని పిలవాలో తెలియక నేను నోరు తెరవలేదు. పలక తీసి తలుపు ఆజ్ఞ రాసింది. కిటికీ తెరుచుకుంది కాబోలు, కళ్లు దగ్గరికి పెట్టి చదివింది. చూపు మొదటికి తెచ్చి మళ్లీ చదివింది. మూడోసారి వేలు పెట్టి, ఒక్కో అక్షరం కిందా జరుపుతూ చదివింది. ఆ వేలు చివరిదాకా వెళ్లేవరకు నేను చూస్తూ నిలబడ్డాను. అప్పుడు ఎంటర్ కొట్టింది.

తలుపు పక్కకు జరిగింది.

"ఎల్లు," అంది నా వైపు చూడకుండా. "సల్లగాలి పోతంది."

లోపలికి వెళ్లాను. వెనక తలుపు మూసుకుంది. ఆమె అడుగులు పంట గదుల వైపు వెళ్లిపోయేదాకా కదలకుండా విన్నాను. తర్వాత మూడో తలుపు దగ్గరికి నడిచి, ఎవరైనా వస్తారేమోనని నిలబడ్డాను.